హద్దు గీసేదెవరు?

నాలుక్కి కారం తగిలితే క్షణంలో తెలుస్తుంది. వేలికి ఆవిరి తగిలితే మనం ఆలోచించేలోపలే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. పొయ్యిమీద పాలు మాడితే వీధి గదిలో పేపరు చదువుకునేవాళ్ళ ముక్కుకి కూడా కబురు అందుతుంది. (వాళ్ళు లేచి వెళ్ళి పొయ్యి కడతారా లేదా అన్నది వేరే విషయం!) ఒంటికున్న ఈ కావలివాళ్ళని నమ్ముకునే మనం ఇంత ధీమాగా బతికేస్తున్నాం.

వంటగ్యాసు సంగతి చూడండి. దానికి స్వతహాగా చెప్పుకోదగ్గ వాసనే లేదుట. కారిపోతే మనకి తెలియాలని పనిగట్టుకుని అందులో కంపుకొట్టే మందొకటి కలుపుతారు. అంటే ముక్కుకి అందని ప్రమాదాన్ని ముక్కుకి అందేలా చేశారన్నమాట. ఎవరికి తట్టిందో గాని, ఎన్ని ఇళ్ళు నిలబెట్టిన ఆలోచన!

రేడియేషన్ దగ్గర మాత్రం ఈ ఉపాయం సాగదు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఏ మందూ కలపడానికి లేదు. ఒంట్లోంచి దూసుకుపోతున్నా చీమ కుట్టినట్టయినా ఉండదు. చాప కింద నీరంటారే, అచ్చంగా అదే. ఏ ఇరవయ్యేళ్ళకో చాప తడిసిందని తెలిసేసరికి చెయ్యగలిగింది తక్కువ. అంచేత మనిషి తన ఒంటికి లేని ఇంద్రియాన్ని బయట తయారు చేసుకున్నాడు. ఈమధ్య నేను కొన్నాళ్ళుగా చదువుతున్నది ఈ పరికరాల గురించే. ముఖ్యంగా వ్యోమనౌకల్లో పెట్టి పంపే బుల్లి బుల్లి రేడియేషన్ కొలిచే పరికరాల గురించి.

బి.ఏ. చదువుకుని నవలలు రాసుకునేదానికి రోదసిలో పనేమిటని మీరడగొచ్చు. మావారూ అదే అడిగారు. పనుంది. నా పేచీ పరికరంతో కాదు. అది పాపం తనకి కనిపించింది చెబుతుంది. దాని పక్కన మనుషులు ఓ గీత గీసి, "ఇక్కడిదాకా సరే, ఇక్కణ్ణించి కూడదు" అంటారు చూడండి, ఆ గీతతో నా పేచీ.

ముందు ఆ పైన ఏముందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. భూమికి చుట్టూ అయస్కాంత శక్తి ఉంది, పైన దుప్పటిలా గాలి ఉంది. సూర్యుడి నుంచీ, ఎక్కడెక్కడి నక్షత్రాల నుంచీ వచ్చే కణాల్ని ఈ రెండూ చాలావరకు ఆపేస్తాయి. అయినా నేలలోంచీ, గాలిలోంచీ, పైనుంచీ ఎంతో కొంత మన అందరికీ తగులుతూనే ఉంటుంది. దాన్ని మిల్లీసీవర్ట్ అనే కొలతలో చెబుతారు. మనం బియ్యాన్ని సోలల్లో, మానికల్లో కొలుచుకున్నట్టే. ప్రపంచం మొత్తమ్మీద సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీయించుకుంటే 0.1, లేదా అంతకన్నా తక్కువ. అంతర్జాతీయ రోదసి కేంద్రంలో ఆరునెలలుంటే 80 నుంచి 160 దాకా పడుతుందని నాసా లెక్క. మన హైదరాబాదు మూలాలున్న రాజా చారి 2021-22లో అక్కడ 177 రోజులు గడిపి వచ్చాడు. అది అలాంటి మజిలీయే. ఇక అంగారకుడి దాకా వెళ్ళాలంటారా, 2011లో బయల్దేరిన క్యూరియాసిటీ నౌకలో కిలోన్నర బరువున్న ఓ పరికరం దారి పొడుగునా కొలుచుకుంటూ వెళ్ళింది. రోజుకి 1.8 చొప్పున తేలింది. మనం ఏడాదంతా పోగుచేసుకునేది అక్కడ ఒకటిన్నర రోజుకన్నా ఇంకాస్త లోపలే వచ్చి పడుతుందన్నమాట.

ఈ కొలతల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన కథ ఒక సున్నాది.

1958 జనవరి 31న అమెరికావాళ్ళు తమ మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ని పంపారు. అందులో అయోవా విశ్వవిద్యాలయంలోని జేమ్స్ వాన్ ఆలెన్ బృందం ఓ గీగర్ గొట్టం పెట్టింది. కణం వచ్చి తగిలినప్పుడల్లా టిక్కుమని లెక్కపెట్టే గొట్టం. ఉపగ్రహం కింద తిరిగేటప్పుడు వాళ్ళనుకున్నట్టే లెక్క వచ్చింది. తీరా పైపైకి వెళ్ళేసరికి లెక్క ఒక్కసారిగా పడిపోయింది. సున్నా! పైకి వెళ్ళేకొద్దీ ఎక్కువ ఉండాలి గాని తక్కువెలా ఉంటుంది? పరికరం పాడైందా అనుకున్నారు. మార్చిలో ఎక్స్‌ప్లోరర్-3 వెళ్ళింది. దానిలో టేపు రికార్డరు కూడా ఉంది కాబట్టి చుట్టు మొత్తం లెక్క చేతికొచ్చింది. మళ్ళీ అదే సున్నా. అప్పుడు ఆ బృందంలోని కార్ల్ మెక్‌ఇల్వేన్ అనే కుర్రాడు అలాంటి గొట్టాన్నే తీసుకెళ్ళి ఎక్స్‌రే యంత్రం ముందు పెట్టి చూశాడు. కిరణాలు పెంచినకొద్దీ లెక్క పెరిగింది, పెరిగింది... ఓ స్థాయి దాటాక పడిపోయి సున్నా అయింది. ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య ఆ గొట్టానికి రవ్వంత ఊపిరి తీసుకునే వ్యవధి కావాలి. కణాలు ఎడతెరిపి లేకుండా వచ్చి పడుతుంటే దానికా వ్యవధి లేదు. నోరు పడిపోయింది.

సున్నా అంటే ఏమీ లేదని కాదు, పట్టనంత ఉందని! భూమి చుట్టూ ఉన్న వాన్ ఆలెన్ వలయాలు అలా బయటపడ్డాయి. నోరెత్తని కోడల్ని చూసి, "ఆ ఇంట్లో ఏ గొడవా లేదమ్మా, ఎంత ప్రశాంతంగా ఉంటారో" అనే ఇరుగుపొరుగు నాకు గుర్తొచ్చారు. అనుమానించి ఇంకోసారి పరీక్ష చేసే మెక్‌ఇల్వేన్ అన్ని వీధుల్లోనూ ఉండడుగా.

ఆ తర్వాత పరికరాలు చిక్కుతూ వచ్చాయి. చంద్రుడి మీదకి వెళ్ళిన అపోలో వ్యోమగాములు సిగరెట్టు పెట్టంత కొలమానాలు ఒంటిమీద పెట్టుకుని వెళ్ళారు. తమాషా ఏమిటంటే వాళ్ళ కళ్ళే ఇంకో పరికరంగా పనిచేశాయి. చీకట్లో కళ్ళు మూసుకుని పడుకుంటే తళుక్కు తళుక్కుమని మెరుపులు కనిపించేవిట. రోదసిలోంచి వచ్చిన కణం ఒకటి నౌక గోడనీ, కనురెప్పనీ దాటి కంటిపొరకి తగిలిన గుర్తు. చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది నాకు.

మన శ్రీహరికోటకీ ఇందులో భాగం ఉంది. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1 అక్కణ్ణుంచి ఎగిరినప్పుడు అందులో బల్గేరియా శాస్త్రజ్ఞులు తయారుచేసిన రాడోమ్ అనే రేడియేషన్ కొలమానం ఉంది. బరువెంతో తెలుసా? 98 గ్రాములు. ఓ స్నానం సబ్బు బిళ్ళంత. లోపల పల్చటి సిలికాన్ రేకు. నౌక నేల వదిలిన కొద్ది గంటల్లోనే దాన్ని మేలుకొలిపారు. వాన్ ఆలెన్ వలయాల్ని దాటుతూ కొలిచింది, దారిలో కొలిచింది, చంద్రుడి చుట్టూ తిరుగుతూ కొలిచింది. చంద్రుడికి 100 కిలోమీటర్ల ఎత్తున ఉన్నప్పటికన్నా, 200 కిలోమీటర్ల ఎత్తుకి జరిగినప్పుడు రేడియేషన్ ఎక్కువ కనిపించింది. దగ్గరగా ఉంటే చంద్రుడే అడ్డుగోడలా సగం ఆకాశాన్ని కాస్తాడు. దూరం జరిగితే ఆ చాటు తగ్గుతుంది. మనుషులెవరూ లేని నౌకలో, రాబోయే మనుషుల కోసం, ఓ సబ్బు బిళ్ళ కూర్చుని లెక్క రాసింది.

ఇంకోటి హంగేరీవాళ్ళది. పేరు పిల్లె. మన పిల్ల కాదు లెండి. వాళ్ళ భాషలో సీతాకోకచిలుక. 1980లో బెర్తలాన్ ఫార్కష్ దాన్ని సాల్యూట్-6 కేంద్రానికి తీసుకెళ్ళాడు. 1984 అక్టోబరులో శాలీ రైడ్ చాలెంజర్ నౌకలో తీసుకెళ్ళింది. ఆ రోజుల్లో రష్యావాళ్ళ ఇంటా, అమెరికావాళ్ళ ఇంటా కూడా భోజనానికి కూర్చోగలిగిన చుట్టం అదొక్కటే కాబోలు! చిన్న గాజు బుడ్డిలో కాల్షియం సల్ఫేటు పొడి ఉంటుంది. విరిగిన చేతికి కట్టే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కి దగ్గర చుట్టమే అది, డిస్ప్రోసియం అనే లోహం చిటికెడు కలుపుతారు. రేడియేషన్ తగిలినంతసేపూ ఆ పొడి మాటాపలుకూ లేకుండా దాచుకుంటుంది. తర్వాత వేడిచేస్తే దాచుకున్నదంతా వెలుగుగా కక్కేస్తుంది. ఆ వెలుగు ఎంతో చూసి మోతాదు ఎంతో చెబుతారు. అంతకుముందు ఇలాంటివి ఒంటిమీద పెట్టుకు వెళ్ళినా, భూమికి తిరిగొచ్చి ప్రయోగశాలకి ఇచ్చాకే లెక్క తెలిసేది. పిల్లె గొప్పంతా ఏమిటంటే, చదివే యంత్రం కూడా పక్కనే ఉంటుంది. వ్యోమగామి తన లెక్క తానే, అక్కడే, అప్పుడే చూసుకోవచ్చు. 2012 నుంచి అయితే కంప్యూటరుకి గుచ్చే పెన్‌డ్రైవంత పరికరాలొచ్చాయి. కణం ఏ వైపునుంచి ఎలా దూసుకుపోయిందో గీతలు గీసి చూపిస్తాయి.

తన లెక్క తాను చూసుకోవడం... ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే సరిగ్గా అదే కాల్షియం సల్ఫేటు, అదే చిటికెడు డిస్ప్రోసియం, మా ఇంటి మనిషి ఒకతె రోజూ గుండెలమీద పెట్టుకుని తిరుగుతోంది.

మా ఆడపడుచు కూతురు ఓ ఆస్పత్రిలో గుండె రక్తనాళాల పరీక్షలు చేసే గదిలో టెక్నీషియను. ఎక్స్‌రే వెలుగుతూ ఉండగానే డాక్టరు పక్కన నిలబడి చెయ్యాల్సిన పని. సీసం ఏప్రన్ వేసుకుంటుంది, దాని కింద ఛాతీమీద ఓ బాడ్జీ. అందులో మూడు బిళ్ళలు. మన దేశంలో ఇలాంటి పనులు చేసేవాళ్ళకి భాభా అణు పరిశోధనా కేంద్రం పద్ధతిలో తయారైన బాడ్జీలే ఇస్తారు. మూడునెలలకోసారి తీసుకెళ్ళి, వేడిచేసి, వెలుగు చూసి, అంకె పంపుతారు. ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఇది మన దేశపు హద్దు.

కిందటేడు ఆ పిల్ల మా ఇంటికొచ్చి నాలుగు రోజులుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అత్తయ్యా, మీకొకటి చెబుతాను, ఎవరితోనూ అనకండి" అంది. (పేరు చెప్పడంలేదు గనక ఇది అనడం కిందకి రాదు.) "మావాళ్ళు కొందరు, కేసులు ఎక్కువున్న రోజుల్లో బాడ్జీ తీసి సొరుగులో పెట్టేస్తారు."

"అదేమిటే! అది ఉన్నది మీ కోసమే కదా?"

"మా కోసమే. కానీ అంకె పెరిగిందనుకోండి, పిలిచి అడుగుతారు. ఆ గదిలోంచి తీసి ఇంకో చోట వేస్తారు. అక్కడ రాత్రి పిలుపుల డబ్బు రాదు. ఇంటి వాయిదా ఆ డబ్బుతోనే కడుతున్నవాళ్ళున్నారు."

కాబట్టి కాగితం మీద సున్నాకి దగ్గరగా ఓ అంకె వస్తుంది. ఎక్స్‌ప్లోరర్-1 సున్నాలాగే అదీ ఉత్త సున్నా కాదు.

నాలుగో రోజున అసలు విషయం చెప్పింది. మూడో నెల. ఆస్పత్రిలో ఇంకా చెప్పలేదు. చెప్పిన రోజునుంచీ కడుపులో బిడ్డకి తగిలేది మిగతా నెలలన్నిటికీ కలిపి ఒక్క మిల్లీసీవర్ట్ దాటకుండా చూడాలని నిబంధన. చెప్పినంతమాత్రాన పనిలోంచి తప్పించకూడదని అంతర్జాతీయ సూత్రం కూడా ఉంది. కాగితం మీద ఎంత చక్కగా ఉందో చూడండి! "వెంటనే చెప్పవే తల్లీ" అన్నాను. వెళ్ళి చెప్పింది. వాళ్ళు ఎంతో మర్యాదగా ఆమెని తీసుకెళ్ళి రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఉద్యోగం ఉంది. రాత్రి పిలుపుల డబ్బు లేదు. ఆర్నెల్లపాటు ఇంటి వాయిదాకి పుట్టింటివైపు చూడాల్సి వచ్చింది.

ఫోనులో అడిగింది: "బిడ్డ నాది, భయం నాది, ఒప్పుకున్నాను. ఆ డబ్బు కూడా నాదే పోవాలా అత్తయ్యా?"

నాకు రోదసి గురించి చదవాలనిపించింది ఆ ప్రశ్నవల్ల. మా ఊళ్ళో ఆస్పత్రికి తోచని జవాబు, ప్రపంచంలోకెల్లా తెలివైనవాళ్ళు పనిచేసే చోట ఎవరికైనా తోచిందేమో చూద్దామని. అక్కడా ఆడవాళ్ళున్నారు, అక్కడా బాడ్జీలున్నాయి, అక్కడా గీతలున్నాయి.

చూస్తే ఏముంది! రేడియేషన్ ఒకే మోతాదులో తగిలినా కాన్సరు వచ్చే అవకాశం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎక్కువ. రొమ్ములు, అండాశయాలు ఉన్నాయి గదా. ఊపిరితిత్తుల విషయంలోనూ మనకే ఎక్కువ. ఇది ఎవరో గదిలో కూర్చుని ఊహించింది కాదు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడ్డవాళ్ళని 1950 నుంచి ఏళ్ళతరబడి వెన్నంటి చూస్తూ వచ్చారు. ఆ అధ్యయనంలో లక్షా ఇరవై వేల మంది ఉన్నారు. వాళ్ళెవరికీ గుండెలమీద బాడ్జీ లేదు. ఆ ఉదయం నువ్వెక్కడ నిలబడ్డావు, ఇంట్లోనా, వీధిలోనా, గోడ ఎటువైపుంది అని అడిగి అడిగి ఒక్కొక్కరి మోతాదు లెక్కకట్టారు. బట్టలారేసుకుంటూ నిలబడ్డ ఏ ఇల్లాలో ఇచ్చిన జవాబు ఈనాడు వ్యోమగామి మోతాదు పట్టికలో ఓ అంకెగా ఉంది. ఈ సంగతి తెలిశాక ఆ పట్టికని తేలిగ్గా తీసిపారెయ్యడానికి నాకు మనస్కరించలేదు. పరికరం సిలికాన్‌తో చేసిందే కావచ్చు, దాని వెనకున్న కొలబద్ద మనుషుల ఒళ్ళతో చేసింది.

ఆ తేడాని బట్టి హద్దులు గీశారు. 2000లో అమెరికాలోని జాతీయ రేడియేషన్ రక్షణ మండలి సిఫారసు చూడండి: పదేళ్ళ రోదసి ఉద్యోగానికి 35 ఏళ్ళ మగవాడైతే 1000 మిల్లీసీవర్ట్‌ల దాకా, అదే వయసు ఆడమనిషైతే 600 దాకా. నాసా కూడా చాలాకాలం ఇదే ధోరణిలో, వయసునీ ఆడామగా తేడానీ బట్టి వేరువేరు హద్దులు పెట్టింది. సైన్సు ప్రకారం తప్పు పట్టడానికి లేదు. ఫలితం ఏమిటంటే, ఒకే చదువు చదివి, ఒకే శిక్షణ పొంది, ఒకే నౌకలో కూర్చున్న ఇద్దరిలో ఆమె ఖాతా ముందు నిండిపోతుంది. మగవాడు ఇంకో రెండుసార్లు వెళ్ళిరావచ్చు, ఆమె కింద కూర్చోవాలి. "నీ మంచికే" అంటారు. మా ఆడపడుచు కూతురికి వేసిన బల్ల, ఇదీ ఒకటే కర్రతో చేసినవి.

పెగ్గీ విట్సన్ అని ఒకావిడ ఉంది. నాసా వ్యోమగాముల విభాగానికి అధిపతిగా పనిచేసిన మొదటి స్త్రీ. మూడు విడతలుగా 665 రోజులు రోదసిలో ఉండి 2018 జూన్‌లో నాసా నుంచి పదవీ విరమణ చేసింది. తన రేడియేషన్ ఖాతా నిండిపోయిందని ఆవిడే చెప్పింది. ఆవిడ రొమ్ము, ఆవిడ ఊపిరితిత్తి, ఆవిడ ప్రాణం. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అన్నీ తెలిసిన మనిషి. ఇరవయ్యేళ్ళ తర్వాత రాబోయే కాన్సరు గురించి, ముప్ఫై అయిదేళ్ళ పిల్లకీ ఆవిడకీ ఒకే భయం ఉండాలా? మోతాదు ఇంత అని చెప్పండి, ప్రమాదం ఇంత అని చెప్పండి, ఆపైన ఆవిడ ఇష్టం అనకూడదా?

అనొచ్చు. చాలా రోజులు నేనూ అలాగే అనుకున్నాను. కానీ సొరుగులోని బాడ్జీలు గుర్తొచ్చినప్పుడల్లా ఆ మాట గొంతులో ఆగుతుంది. "నీ ఇష్టం" అన్న మాట ఎంత గౌరవమైందో అంత ప్రమాదమైంది కూడా. వెనక ఇంటి వాయిదా ఉన్నవాడి ఇష్టం ఇష్టమేనా? ఆకాశమంటే ప్రాణం పెట్టే మనిషిని "వెళతావా?" అని అడిగితే వెళ్ళనంటుందా? పై అధికారికి "మీ ఇష్టమండీ" అన్నప్పుడు అందులో మన ఇష్టం ఎంతుంటుందో ఉద్యోగం చేసిన వాళ్ళందరికీ తెలుసు. హద్దు ఉండాల్సిందే. సందేహం లేదు. దాని ఖరీదు ఎవరు చెల్లించాలన్నదే నాకు తెగని ముడి.

ఆ ముడి దగ్గర ఓ కొత్త దారి కనిపించింది. 2021లో అమెరికా జాతీయ అకాడమీల కమిటీ ఒకటి ఈ విషయమంతా పరిశీలించి నాసాకి నివేదిక ఇచ్చింది. 2022లో నాసా కొత్త ప్రమాణం తెచ్చింది. ఆడా మగా, చిన్నా పెద్దా, అందరికీ ఉద్యోగ జీవితం మొత్తానికి ఒకే హద్దు: 600 మిల్లీసీవర్ట్‌లు. ఈ 600 ఎక్కణ్ణుంచి వచ్చింది? 35 ఏళ్ళ స్త్రీకి, రేడియేషన్ కాన్సరుతో పోయే అవకాశం సగటున 3 శాతం పెరిగే మోతాదు అది. అంటే ఎక్కువ ప్రమాదం ఎవరికో వాళ్ళ ఒళ్ళే అందరికీ కొలబద్ద అయింది.

ఇది చదివి లేచి నిలబడ్డాను. ఎప్పుడైనా విన్నామా ఇలాంటిది? బస్సు మెట్టు ఎత్తు దగ్గర్నుంచి వంటింటి అటక దాకా, మన లోకంలో ప్రతిదీ ఎత్తూ బలమూ ఉన్న మగవాణ్ణి చూసి కొలిచిందే. అందనివాళ్ళు స్టూలు వేసుకోవాలి. ఇక్కడ మాత్రం ఒక్కసారి, ఆవిడకి ఎంత తగునో అంతే అందరికీ అన్నారు. ఆమె ఒక్కతే కింద కూర్చోవడానికి బదులు అందరూ సమానంగా కూర్చుంటారు. హద్దు ఖర్చుని పంచుకున్నారన్నమాట. మా ఆడపడుచు కూతురి ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇంచుమించు ఇదే. బిడ్డకి హద్దు గీయండి, బాగా గీయండి. ఆ ఆర్నెల్ల డబ్బు గీసినవాళ్ళు ఇవ్వండి, లేదా ఆ గదిలో పనిచేసే అందరిమీదా పంచండి. ఆమె మెడకే చుట్టకండి. అప్పుడు సొరుగులోని బాడ్జీలు కూడా వాటంతటవే బయటికొస్తాయి.

మావారితో ఇదంతా చెబితే, "మరి అరవయ్యేళ్ళ మగవాడు చేసిన పాపమేమిటి? అతనికి నిజంగానే ప్రమాదం తక్కువ కదా, అతన్నెందుకు ఆపడం?" అన్నారు. కొట్టిపారెయ్యాల్సిన మాట కాదు. అరవయ్యేళ్ళ ఆడమనిషి కూడా అదే అడగొచ్చు. న్యాయం ఒకవైపు సరిచేస్తే ఇంకోవైపు దుప్పటి పొట్టి అవుతూనే ఉంటుంది. పైగా అంగారకుడికి వెళ్ళిరావడానికి ప్రయాణమే 360 రోజులు వేసుకుంటే, రోజుకి 1.8 చొప్పున దారిలోనే 600 దాటిపోతుంది. ఈ హద్దులో ఉండి అక్కడికి ఎవ్వరూ వెళ్ళలేరు, ఆడా మగా కూడా. అప్పుడు మినహాయింపులు ఇవ్వాలి. ఆ కమిటీ ఈ సంగతీ ఆలోచించింది. ఒక్కొక్కరికీ వాళ్ళ ప్రమాదం ఎంతో విడమర్చి చెప్పాలంది, అదీ వీధి కూడలి దీపాల్లాగా రంగులు పెట్టి తెలిసేలా. చెప్పాలి, దాచకూడదు. ఇందులో మటుకు నాకు రెండో అభిప్రాయం లేదు. అంకె కార్యాలయం ఫైలుది కాదు, మోస్తున్న ఒంటిది.

ఆడవాళ్ళ ఒంటిని కొలబద్ద చెయ్యడం మాటల్లోనే ఆగిపోలేదు. 2022 నవంబరు 16న చంద్రుడి వైపు బయల్దేరిన ఆర్టెమిస్-1లో ఇద్దరు "ఆడవాళ్ళు" వెళ్ళారు. హెల్గా, జోహార్. మనుషులు కారు, బొమ్మలు. కాళ్ళూ చేతులూ లేవు, తలా మొండెమే. ఎముక, ఊపిరితిత్తి, మెత్తటి కండ ఎక్కడెలా ఉంటాయో అలాంటి పదార్థాలతో పొరలు పొరలుగా పేర్చి, లోపలంతా వేలాది బుల్లి రేడియేషన్ కొలమానాలు పొదిగారు. రొమ్ము దగ్గరెంత, గర్భాశయం దగ్గరెంత, ఎముక మూలుగ దగ్గరెంత అని వేరువేరుగా తెలియడానికి. జోహార్‌కి కిరణాల్ని అడ్డుకునే కోటు తొడిగారు, హెల్గాకి లేదు. తోడికోడళ్ళలో ఒకరికే పట్టుచీర పెట్టినట్టు! పోలిక కోసమే లెండి. ఆ ప్రయాణంలో నౌకలోని ఇతర పరికరాలు ఇంకో సంగతి పట్టుకున్నాయి. ఒకే నౌకలో, ఒకే క్షణంలో, ఒకచోటికీ ఇంకోచోటికీ రేడియేషన్ నాలుగు రెట్లదాకా తేడా ఉంటోంది. వలయాల్ని దాటేటప్పుడు నౌక పక్కకి తిరిగేసరికి మోతాదు సగానికి తగ్గింది. ఒకే కప్పు కింద ఉన్నంతమాత్రాన అందరికీ ఒకే ఎండ తగలదన్నమాట. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి ఇది పెద్ద వార్తేం కాదు.

పెగ్గీ విట్సన్ ఏమైందంటారా? ప్రైవేటు కంపెనీ తరఫున మళ్ళీ వెళ్ళింది. 2023లో ఒకసారి, 2025 జూన్ 25న ఇంకోసారి. ఈ రెండోసారి ఆవిడ నాయకత్వంలో వెళ్ళినవాళ్ళలో మన శుభాంశు శుక్లా ఉన్నాడు. ఆవిడకి 65, అతనికి 39. ఇద్దరూ ఇరవై రోజులపాటు ఒకే గోడల మధ్య తిరిగారు. రోజుకి అర మిల్లీసీవర్ట్ వేసుకున్నా ఇద్దరికీ చెరో పది. అంకె ఒకటే. అతని ముందు ఇంకో నలభై యాభయ్యేళ్ళు ఉన్నాయి. ఆవిడ వెనక 670కి పైగా రోజులున్నాయి. ఆ పది ఎవరి ఒంట్లో ఏమవుతుందో పరికరం చెప్పదు. దాని పని అది కాదు.

మా ఆడపడుచు కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు మళ్ళీ పాత గదిలో చేరింది. మూడు నెలలకోసారి వచ్చే అంకె నాక్కూడా చెప్పమన్నాను.

"చెబితే మీకేం అర్థమవుతుంది అత్తయ్యా?" అంది నవ్వుతూ.

"నీకెందుకు? అడిగి తెలుసుకో, నాకు చెప్పు" అన్నాను.

మొన్న చెప్పింది. 0.35. పాలవాడి లెక్క రాసుకునే కేలండరు మీద, ఆ తేదీ గడిలో, ఓ మూల రాసిపెట్టాను.